మంట పుట్టిన ప్రతిసారీ ఇన్ఫెక్షన్ అనుకోవద్దు: ఫ్రిజ్‌లో ఉండిపోయిన ఆ ట్యూబు సంగతి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. అమ్మకు 57 ఏళ్లు, ముట్లు ఆగి తొమ్మిదేళ్లయింది, షుగర్ ఉంది. ఈ ఏడాదిలో ఐదుసార్లు మూత్రంలో మంట, ఐదుసార్లూ యాంటీబయాటిక్. వాడినన్నాళ్లూ కాస్త నయం, ఆపిన రెండు మూడు వారాలకు మళ్లీ మొదలు. కింద దురద, ఎండిపోయినట్టు ఉండటం కూడా ఉన్నాయని మీ చెల్లెలి దగ్గర మాత్రమే నోరు విప్పారు. ఒక లేడీ డాక్టరు లోపల పెట్టుకునే ఈస్ట్రోజన్ హార్మోన్ క్రీమ్ రాశారు. పెట్టెలోని కాగితంలో క్యాన్సర్ అన్న మాట చూసి మీరే వద్దన్నారు. ట్యూబు ఫ్రిజ్ తలుపులో అలాగే ఉంది. దగ్గరి వాళ్ల పెళ్లికి కూడా బస్సు ప్రయాణానికి భయపడి రానంటున్నారు. ఇప్పుడేం చేయాలని అడిగారు.

నేను గైనకాలజిస్టుని. కోస్తాలో ఒక చిన్న ఊళ్లో ముప్పై ఏళ్లకు పైగా ప్రాక్టీసు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఆ క్రీమ్ రాసిన డాక్టరు సరిగ్గానే రాశారు. ఐదు కోర్సుల యాంటీబయాటిక్ చేయలేని పని ఆ ట్యూబు చేసే అవకాశం ఎక్కువ. ఎందుకో కాస్త వివరంగానే చెప్పాలి. కారణం బోధపడకపోతే ఆవిడ వాడరు, మీరు వాడనివ్వరు.

మన ఇళ్లల్లో మూత్రంలో మంట అనగానే వేడి చేసిందంటారు. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, పలచటి మజ్జిగ, ధనియాల నీళ్లు. వీటిని నేను వెక్కిరించను. ఆ వంకతోనైనా నీళ్లు లోపలికి వెళ్తాయి, మూత్రం పలచబడుతుంది, మంట కొంత తగ్గుతుంది. కానీ ఆ వేడి మాట వెనక అసలు సంగతి దాక్కుంటుంది. నా గదిలో తరచూ జరిగేది చెప్తాను. పెద్దావిడ, పక్కన కూతురో కోడలో. "వేడి చేసింది డాక్టరమ్మా, మూత్రంలో మంట" అంటుంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి నలిగిన ప్లాస్టిక్ కవరు తీస్తుంది. సగం వాడి వదిలేసిన మాత్రల షీట్లు నాలుగు, రెండు మూడు ల్యాబుల రిపోర్టులు. ఏదో వంక చెప్పి పక్కనున్న వాళ్లను బయట కూర్చోబెడతాను. తలుపు పడ్డాక గొంతు తగ్గుతుంది. కూర్చుంటే రాపిడి, నడిస్తే రాపిడి, కడుక్కుంటే చురుకు. ఇంకాసేపాగితే భర్త విషయం.

అప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న మీరూ అమ్మగారిని అడగండి, లేదా చెల్లెలి చేత అడిగించండి. మంట లోపల, పొత్తికడుపు కింద పుడుతోందా? లేక మూత్రం బయటికి వచ్చాక, ఆ చర్మానికి తగిలిన చోట చురుక్కుమంటోందా? రెండూ మూత్రంలో మంటే. కానీ మొదటిది మూత్రాశయం వైపు చూపిస్తుంది. రెండోది ఎండి పలచబడిన చర్మం మీద ఉప్పునీళ్లు పడినట్టు. దానికి ఎన్ని యాంటీబయాటిక్స్ మింగినా ఉపయోగం లేదు.

ఎందుకు ఎండుతుందంటే, యోని గోడలు, మూత్రనాళం, మూత్రాశయం అడుగు భాగం ఈ మూడూ ఈస్ట్రోజన్ మీద ఆధారపడి బతుకుతాయి. ఆ హార్మోన్ ఉన్నన్నాళ్లూ యోని లోపలి పొర మందంగా, తడిగా, సాగే గుణంతో ఉంటుంది. ఆ పొరలోని కణాల్లో గ్లైకోజన్ అనే చక్కెర నిల్వ ఉంటుంది. ఆ చక్కెరను ఆసరాగా చేసుకుని లాక్టోబాసిల్లస్ అనే మంచి క్రిములు లాక్టిక్ ఆమ్లం తయారు చేస్తాయి. మన పెరుగు తోడుకోవడానికి కారణమైన క్రిముల కుటుంబమే ఇవి కూడా. దాంతో అక్కడ ఎప్పుడూ ఒక పులుపు ఉంటుంది. పులుపును కొలిచే పీహెచ్ లెక్కలో 3.8 నుంచి 4.5 దాకా, ఆ అంకె పెరిగేకొద్దీ పులుపు తగ్గినట్టు. ఆవకాయ ఏడాదిపాటు చెడకుండా నిలవడంలో పులుపుకీ వాటా ఉంది కదా, ఇక్కడా అదే కిటుకు. ముట్లు ఆగాక ఈస్ట్రోజన్ పడిపోతుంది, పొర పలచబడుతుంది, చక్కెర తగ్గుతుంది, మంచి క్రిములు పోతాయి, పీహెచ్ 5 దాటుతుంది. అప్పుడు పేగుల్లో ఉండే ‘ఇ.కోలై’ లాంటి క్రిములు మలద్వారం దగ్గర నుంచి ముందుకు వచ్చి అక్కడే కాపురం పెడతాయి. ఆడవాళ్ల మూత్రనాళం పొడవు సుమారు నాలుగు సెంటీమీటర్లే. అక్కడి నుంచి మూత్రాశయానికి ఎంత దూరం!

అంటే పొడి, దురద, మంట, మాటిమాటికీ మూత్రం, మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్ ఇవన్నీ చాలామందిలో ఒకే చెట్టు కొమ్మలు. పూర్వం దీన్ని యోని క్షీణత అనే అర్థం వచ్చే పేర్లతో పిలిచేవారు. మూత్రం సమస్యలు అందులోకి రావడం లేదని 2014లో జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్ అని కొత్త పేరు పెట్టారు, అంటే ముట్లు ఆగాక యోనికీ మూత్రానికీ వచ్చే బాధల గుంపు. ప్రిస్క్రిప్షన్ మీద జీఎస్ఎం అని ఉంటే ఇదే. ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు చాలామందికి కొన్నేళ్లకు వాటంతట అవే తగ్గుతాయి. ఇది అలా తగ్గదు. వదిలేస్తే ఏటికేడు పెరుగుతుంది. మీ అమ్మగారికి ముట్లు ఆగిన తొమ్మిదేళ్లకు బాధ ముదిరిందంటే అందులో వింతేమీ లేదు.

మన రెండు రాష్ట్రాల్లో ఈ బాధ ఇంకా చిన్న వయసులోనే కనిపించడానికి ఒక కారణం ఉంది, అది నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తెల్లబట్టకో, నడుము నొప్పికో 35 ఏళ్లకే తీయించుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే మెనోపాజ్. అవి ఉంచినా కొందరిలో కొన్నేళ్లు ముందుగానే పని ఆపేస్తాయి. నలభై ఏళ్లావిడ ఇవే బాధలు చెప్తే, ఆపరేషన్‌లో ఏం తీశారో డిశ్చార్జి కాగితం చూడాలి. ఆ కాగితం పారేయకండి అని ఎన్నిసార్లు చెప్పినా, పది మందిలో ఇద్దరి దగ్గర ఉంటే గొప్ప.

ఇక యాంటీబయాటిక్ సంగతి. ఆరు నెలల్లో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ రుజువైన మూత్ర ఇన్ఫెక్షన్ వస్తే దాన్ని పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్ అంటాం. ఇక్కడ రుజువైన అన్నదే అసలు మాట. మీ అమ్మగారికి ఐదు కోర్సులకు కల్చర్, అంటే మూత్రంలో ఏ క్రిమి ఉందో ల్యాబులో పెంచి చూసే పరీక్ష, ఎన్నిసార్లు చేశారో మీరు రాయలేదు. మెడికల్ షాపులో మంట అని చెప్తే ఒక నార్‌ఫ్లాక్సాసిన్ షీటు, ఒక తియ్యటి సిరప్ చేతిలో పెట్టడం మనకు అలవాటైపోయింది. ఆ సిరప్ మూత్రంలో ఆమ్లం తగ్గించి మంటకు ఉపశమనం ఇస్తుంది, క్రిములను చంపదు. షీటు అవసరం లేకుండా మింగితే రేపు నిజంగా ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు పనిచేయకపోవచ్చు.

కాబట్టి ఈసారి మంట వస్తే మొదటి మాత్ర వేసుకోకముందే యూరిన్ కల్చర్‌కు ఇవ్వండి. శాంపిల్ పట్టడంలోనే సగం రిపోర్టులు పాడవుతాయి. ముందు ఉత్త నీళ్లతో కడుక్కోవాలి. చేత్తో విడదీసి పట్టుకుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధార డబ్బాలో పట్టాలి. డబ్బా అంచు చర్మానికి తగలకూడదు. వెంటనే ల్యాబుకు ఇవ్వాలి. రిపోర్టులో ఎపిథీలియల్ సెల్స్ బోలెడు ఉన్నాయని వస్తే ఆ శాంపిల్‌లో చర్మం కలిసిందని అర్థం, దాన్ని నమ్మకూడదు. పస్ సెల్స్ (చీము కణాలు) ఎనిమిదో పదో ఉన్నాయని టెన్షన్ పడకండి. ఈ వయసులో అవి ఒక్కటే కనిపిస్తే ఇన్ఫెక్షన్ అని కాదు. ఇంకొకటి, ఏ బాధా లేకుండా మామూలు చెకప్‌లో కల్చర్‌లో క్రిములు కనపడ్డాయనుకోండి. షుగర్ ఉన్నా సరే, సాధారణంగా దానికి మందు వేయక్కర్లేదు. రిపోర్టుకు వైద్యం చేయకూడదు, మనిషికి చేయాలి.

దురద గురించి మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు గానీ, నేను అక్కడ కాసేపు ఆగుతాను. దురద అనగానే ఫంగస్ అనుకుని క్లోట్రిమజోల్ పూసుకుంటూ పోతారు. ముట్లు ఆగిన తర్వాత, షుగర్ లేనివాళ్లలో ఫంగస్ అంత సులువుగా రాదు. దానికీ ఈస్ట్రోజన్ ఉన్న చర్మమే ఇష్టం. మీ అమ్మగారికి షుగర్ ఉంది కాబట్టి వచ్చే వీలుంది. ఆవిడ షుగర్ మాత్రల పేర్లు ఒకసారి చూడండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాగా గ్లిఫ్లోజిన్ అని ముగిసే మందు ఉందా? ఇవి షుగర్‌ను మూత్రంలోకి పంపించి పని చేస్తాయి. కింద తీపి తగులుతుంటే ఫంగస్‌కు పండగే. గుండెకూ కిడ్నీకీ మేలు చేసే మంచి మందులివి, సొంతంగా ఆపేయకండి. షుగర్ డాక్టరుకు ఈ దురద సంగతి చెప్పండి చాలు. రెండు వైపులా రెండు ప్రిస్క్రిప్షన్లు నడుస్తుంటే ఎవరికీ మొత్తం బొమ్మ కనపడదు.

రాత్రిళ్లు నిద్ర పట్టనంత దురద, చర్మం మీద తెల్లటి పొర, ముడతలు, పగుళ్లు ఉంటే అది లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి కావచ్చు. దానికి గట్టి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ కావాలి. వదిలేస్తే కొద్దిమందిలో క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది. ఇది కంటితో చూస్తే గానీ తెలియదు. ఫోన్లో లక్షణాలు చెప్పి మందు రాయించుకునే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఒక్కసారైనా టేబుల్ మీద పరీక్ష జరగాలి.

కడుక్కోవడం కూడా అడగండి. మా పేషెంట్లలో చాలామంది శుభ్రత పేరుతో డెట్టాల్ నీళ్లు, సబ్బు, ఉప్పు కలిపిన వేణ్ణీళ్లు వాడతారు. ఒకావిడ పసుపు కూడా కలిపేది. టీవీలో చూపించే వాష్‌లూ అంతే. ఉత్త నీళ్లు చాలు, లోపల ఏదీ పోయకూడదు.

ఇప్పుడు ఆ కాగితం, ఆ భయం. 2002లో అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు. అందులో ఆడవాళ్లకు ఇచ్చింది ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిపిన నోటి మాత్ర, రోజూ. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం కొంచెం పెరిగాయని తేలింది. ఆ హెచ్చరికను ఈస్ట్రోజన్ ఉన్న ప్రతి మందు మీదా అచ్చేశారు, యోనిలో వాడే అతి తక్కువ మోతాదు క్రీమ్‌ల మీద కూడా. మింగిన మాత్ర ఒళ్లంతా తిరుగుతుంది. ఈ క్రీమ్ పూసిన చోటే చాలావరకు ఉండిపోతుంది, రక్తంలోకి చేరేది బహు స్వల్పం. అదే పరిశోధనలో పాల్గొన్న వేలాది మందిలో యోని ఈస్ట్రోజన్ వాడినవాళ్లను విడిగా చూస్తే, వాడనివాళ్ల కంటే రొమ్ము క్యాన్సర్ గానీ గర్భసంచి క్యాన్సర్ గానీ ఎక్కువ లేవని 2018లో ప్రచురించారు. ఆ హెచ్చరికను తీయించే పని అమెరికా ఎఫ్‌డీఏ 2025 నవంబరులో మొదలుపెట్టింది. మన పెట్టెల్లో కాగితం మారడానికి ఇంకెంత కాలం పడుతుందో మరి.

ఈ క్రీమ్ మూత్ర ఇన్ఫెక్షన్లకు పనిచేస్తుందన్నది కొత్త మాటేమీ కాదు. 1993లోనే ఒక అధ్యయనం వచ్చింది. ముట్లు ఆగి, పదేపదే ఇన్ఫెక్షన్లు వస్తున్న 93 మందిలో కొందరికి యోనిలో వాడే ఎస్ట్రియాల్ (ఒక రకం ఈస్ట్రోజన్) క్రీమ్, మిగతావాళ్లకు మందు లేని ఉత్త క్రీమ్ ఇచ్చారు. ఉత్త క్రీమ్ వాడినవాళ్లకు ఏడాదికి సగటున 5.9 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, ఎస్ట్రియాల్ వాడినవాళ్లకు 0.5 సార్లు. మంచి క్రిములు తిరిగొచ్చాయి, పులుపూ తిరిగొచ్చింది.

ముందుగా డాక్టరుకు తప్పకుండా చెప్పాల్సినవి రెండు. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే, ముఖ్యంగా ఆ క్యాన్సర్‌కు ఇచ్చిన మాత్రలు ఇంకా వాడుతుంటే, క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడకుండా మొదలుపెట్టకూడదు. వాళ్లకు ముందు హార్మోన్ లేని జెల్స్‌తో చూస్తాం. ముట్లు ఆగాక ఎప్పుడైనా రక్తం కనపడి ఉంటే ఆ కారణం తేలాకే క్రీమ్.

వాడే పద్ధతి ఎవరూ నేర్పకపోవడం వల్లే సగం మంది మానేస్తారు. రాత్రి పడుకోబోయే ముందు వాడాలి. ట్యూబుతో వచ్చే గొట్టంలో డాక్టరు చెప్పిన గీత దాకా క్రీమ్ నింపి, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, నడుము వైపుకు వాలుగా మెల్లగా లోపలికి పెట్టి నొక్కాలి. గొట్టం పెట్టుకోవడం నొప్పి అనిపిస్తే మొదట్లో శుభ్రమైన వేలితోనే పూసుకోవచ్చు. బఠాణీ గింజంత క్రీమ్ మూత్రద్వారం చుట్టూ కూడా రాయమని నేను చెప్తాను. మామూలుగా మొదటి రెండు మూడు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు. మొదటి నాలుగైదు రోజులు కాస్త చురుకుమనొచ్చు, పొర పలచగా ఉంది కదా. అక్కడే చాలామంది పడలేదని పక్కన పెట్టేస్తారు. తేడా రెండు మూడు వారాలకు తెలుస్తుంది, పూర్తి గుణం మూడు నెలలకు. బాగుందని ఆపేస్తే నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది. బీపీ మాత్రలా కొనసాగించేదే. ఇంత తక్కువ మోతాదు క్రీమ్‌కు తోడుగా ప్రొజెస్టిరాన్ మాత్ర సాధారణంగా అక్కర్లేదు.

క్రీమ్ వాడని రోజుల్లో వారానికి రెండు మూడుసార్లు హార్మోన్ లేని మాయిశ్చరైజర్ జెల్ వాడుకోవచ్చు. భార్యాభర్తల మధ్య నొప్పి ఉంటే ఆ సమయానికి నీటి ఆధారిత లూబ్రికెంట్ వేరే. మీరు కూతురు కాబట్టి ఈ ముక్క మీరు అడగలేరు, ఆవిడ చెప్పలేరు. డాక్టరు గదిలోకి ఆవిడను ఒక్కరినే పంపండి, చాలు. ఈ వయసులో ఇంకా ఇదేంటి అని ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి.

నగరాల్లో కొన్ని క్లినిక్‌లు లేజర్‌తో యోనికి యవ్వనం తెస్తామని ప్యాకేజీలు అమ్ముతున్నాయి. 2021లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో నిజం లేజర్ చేసినవాళ్లకూ, చేసినట్టు నటించి వదిలినవాళ్లకూ ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ డబ్బుతో బంగారం కొనిపెట్టండి.

మూత్రం జారడం గురించి మీరు రాయలేదు గానీ, బస్సు భయం వెనక అదే ఉండొచ్చు. తుమ్మినా నవ్వినా కొంచెం జారుతుందా, లేక వచ్చిందంటే బాత్రూమ్ దాకా ఆగదా? మొదటిదానికి కటి కండరాల వ్యాయామం బాగా పనిచేస్తుంది. 1948లో దీన్ని ప్రచారంలోకి తెచ్చిన కెగెల్ అనే డాక్టరు పేరుతోనే ఇప్పటికీ పిలుస్తాం. నలుగురిలో గ్యాస్ ఆపుకుంటాం చూశారా, ఆ కండరాన్నే ఐదారు సెకన్లు బిగించి, అంతసేపూ వదలాలి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు, మూడు నెలలు. పొట్ట, తొడలు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. రెండోదానికి టీ, కాఫీలు తగ్గించి, బాత్రూమ్‌కు వెళ్లే వ్యవధిని పదేసి నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోవాలి. కింద ఏదో జారినట్టు, బంతి మీద కూర్చున్నట్టు ఉందంటే గర్భసంచి జారిందేమో చూపించాలి. ఆపరేషన్ ఇష్టం లేనివాళ్లకు లోపల పెట్టే రింగు ఉంది.

ప్రయాణం ముందు నీళ్లు మానేయడం మాత్రం మాన్పించండి. మూత్రం చిక్కబడి ఇంకా మండుతుంది, నిజంగా క్రిములుంటే బయటికి పోవు.

ఇవి కనపడితే ఈ ఉత్తరం పక్కన పెట్టి అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి: చలి జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు, మాట తడబడి మతిలేనట్టు ఉండటం. ముట్లు ఆగాక ఒక్క చుక్క రక్తం కనపడినా ఆ వారంలోనే స్కానింగ్, గర్భసంచి లోపలి పొర 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి పరీక్ష. వాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. ఉన్న కొద్దిమందికి తొందరగా దొరికితే నయమవుతుంది. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం వస్తే యూరాలజిస్టు దగ్గరికి.

పెళ్లి ఎప్పుడో మీరు రాయలేదు. నెలన్నర టైముంటే క్రీమ్ ఇప్పుడే మొదలుపెడితే ఆ రోజుకు ఆవిడ తేడా చెప్పగలరు. ట్యూబు తీసి ఎక్స్‌పైరీ తేదీ చూడండి. మూత తీయకుండా ఉందా, ఫ్రీజర్‌కు తగిలి గడ్డకట్టిందా కూడా చూడండి. అనుమానంగా ఉంటే కొత్తది కొనండి, ఆ కాగితం మళ్లీ ఆవిడకు చదివి వినిపించకుండా.